ఇంటికప్పు మాట

పత్రిక బల్లమీద బోర్లా పడి ఉంది. పొద్దుటినుంచి ఎవరూ దాన్ని తిరగేయలేదు.

తిరగేయక్కర్లేదు కూడా. మూడో పేజీలో, తప్పిపోయిన గుర్రం ప్రకటనకీ ఉన్ని దువ్వెనల ప్రకటనకీ మధ్య ఇరుక్కున్న ఆ నాలుగు పంక్తులూ వంటింట్లో ఉన్న నలుగురికీ కంఠతా వచ్చేశాయి.

"నా భార్య జెరూషా నిష్కారణముగా నా యిల్లు విడిచిపోయినది. ఆమెకు ఎవ్వరును ఆశ్రయమీయరాదు. ఇచ్చినవారు చట్టమునకు జవాబు చెప్పుకొనవలెను. ఇట్లు, అమోస్ ట్రిప్."

ఆశ్రయమిచ్చినవాడు ఆమె సొంత అన్న జేబెజ్ హాలమ్. ఊరంతా స్క్వైర్ గారని పిలిచే పెద్దమనిషి. ఆ చట్టాలు చేసే సభలోనే, ఈ ఊరి తరఫున, ఏడాదికి రెండేసి ఎన్నికలు గెలుస్తూ, ఆరేళ్ళుగా కూర్చుంటున్నవాడు.

కిటికీ పక్కన పీట మీద కూర్చుని లోయిస్ ఆపిల్ ముక్కల్ని దారానికి గుచ్చుతోంది. తల్లి కెటూరా, మేనత్త జెరూషా తొక్కలు తీస్తున్నారు. సెప్టెంబరు ఎండ బాగానే ఉంది. ఇవాళ గుచ్చి వేలాడదీస్తే చలికాలానికి ఆరిన ముక్కలుంటాయి. శనివారం పొద్దు గూకితే ఇక్కడ ఆదివారం మొదలైనట్టే. ఆ తర్వాత ఈ ఊళ్ళో ఎవరూ కత్తి పట్టరు, కలం పట్టరు, ఒకరి గుమ్మానికి పనిమీద వెళ్ళరు.

అత్త ఎడమచేతి వేళ్ళు రెండు వంగవు. ఆపిల్ జారి మాటిమాటికీ ఒళ్ళో పడుతోంది. అమ్మ ఏమీ అనకుండా పెద్దపెద్ద కాయలు ఏరి అటువైపు తోస్తోంది. పెద్దవైతే అంతగా జారవు. ఇది లోయిస్ చూసింది. తండ్రి చూశాడో లేదో తెలియలేదు. ఆయన పొయ్యికి వీపు పెట్టి నిలబడి ఉన్నాడు.

"నీ అర్జీ మే నెల సభకి ఇద్దాం జెరూషా," అన్నాడాయన. ఈ వారంలో ఆ మాట అనడం ఐదోసారి.

"మధ్యలో చలికాలముంది అన్నయ్యా."

"చలికాలం ఇక్కడే ఉండు. ఎవరు వద్దన్నారు?"

"అందులో రాశాడుగా ఎవరు వద్దన్నారో." జెరూషా కత్తితో పత్రికవైపు చూపించింది. "సోమవారం బండి కట్టుకుని వస్తాడు. అప్పుడు నువ్వే చెయ్యి పట్టుకుని ఎక్కించాలి. ఆ చట్టం నాకంటే నీకే బాగా తెలుసు."

"నిన్న మాట్లాడాను వాడితో. ఇక సారా ముట్టనని బైబిల్ మీద చెయ్యి వేసి చెప్పాడు."

"ఏ బైబిల్ మీద? నా మీదికి విసిరిన దాని మీదేనా?"

కెటూరా కత్తి ఒక్క క్షణం ఆగి, మళ్ళీ కదిలింది. తొక్క తెగకుండా పొడుగ్గా దిగింది.

జేబెజ్ కిటికీ దగ్గరికి నడిచాడు. "నన్ను అర్థం చేసుకోవేం నువ్వు? మంగళవారం ఎన్నిక. అక్టోబరు సభలో వంతెన సంగతి తేలిపోతుంది. ఐదేళ్ళు తిరిగాను దానికోసం. ఏరు దాటించే ఆ తెప్ప బోల్తాపడి ఎంతమంది పోయారో నీకు తెలీదా? నేను సభలో లేకపోతే దాన్ని పట్టించుకునే నాథుడు లేడు. కెప్టెన్ కోయిట్‌కి వంతెన అక్కర్లేదు, వేటకుక్కలుంటే చాలు."

కెప్టెన్ కోయిట్ ఈ ఊరి రెండో ప్రతినిధి. అమోస్ ట్రిప్‌తో కలిసి వేటకి వెళ్ళే మనిషి. అందుకే జెరూషా అర్జీ ఆయన గుమ్మం తొక్కే దారి లేదు.

"నీ వంతెన నేను కూల్చనులే," అంది జెరూషా నెమ్మదిగా. "ఒక్క కాగితం పట్టుకెళ్ళమంటున్నానంతే. జీనుసంచిలో ఎంత చోటు పడుతుందది?"

ఆ కాగితం సొరుగులో ఉంది. చిత్తు అత్తది, సాపు లోయిస్‌ది. తండ్రి కాగితాలన్నీ పదిహేనో ఏటినుంచి ఆమే సాపు రాస్తోంది. మొగుడు కొట్టాడంటే పెళ్ళి రద్దుచేసే అధికారం ఏ కోర్టుకీ లేదు, సభకే ఉంది. సభకి చేరాలంటే అర్జీ కింద ఒక సభ్యుడు సంతకం పెట్టాలి. ఆ నకలు, నోటీసులు అందించే అమీనా పట్టుకెళ్ళి, గడువులోగా మొగుడి చేతికివ్వాలి. అక్టోబరు సభకి గడువు రేపటితో సరి. రేపు ఆదివారం. అంటే ఇవాళ పొద్దుగూకేలోపే.

సంతకానికి వదిలిన జాగా నాలుగు రోజులుగా ఖాళీగా ఉంది.

ఆయన ఎందుకు పెట్టడంలేదో లోయిస్‌కి తెలుసు. నాలుగేళ్ళ కిందట ఇదే ఊరినుంచి ఇలాంటి అర్జీయే ఒకటి సభకి వెళ్ళింది. హుల్డా రూడ్ అనే రైతు భార్యది. ఇంకాసేపట్లో నెగ్గుతుందనగా జేబెజ్ హాలమ్ లేచి మాట్లాడాడు. "అయ్యలారా, వాన కురిసిందని ఇంటికప్పు విప్పుకుంటామా? చిల్లు పూడ్చుకుంటాం," అన్నాడు. అర్జీ ఓడిపోయింది. ఆ మాట మాత్రం రాష్ట్రమంతా తిరిగింది. పాస్టరు గారు ప్రసంగంలో వాడారు. రెండేళ్ళ కిందట చర్చి పెద్ద డీకన్ పీలెగ్ వాట్రస్ కూతురు రోక్సానా పెళ్ళిలో, అందరూ బల్లలు చరిచి అడిగితే, నాన్న గ్లాసెత్తి మళ్ళీ ఆ మాటే చెప్పాడు. తోటి పెళ్ళికూతురిగా నిలబడ్డ లోయిస్ కూడా చప్పట్లు కొట్టింది. ఆ ప్రసంగం సాపు రాసింది తనే మరి.

"వాళ్ళేమంటారో తెలుసా?" అన్నాడు జేబెజ్. "ఊళ్ళోవాళ్ళ ఇంటికప్పుకి ఒక న్యాయం, తన చెల్లెలి ఇంటికప్పుకి ఇంకో న్యాయమా అంటారు."

"అననీ," అంది జెరూషా. "నిజమేగా."

కుండలో చిక్కుళ్ళు ఉడుకుతున్న చప్పుడు వినిపించింది.

తలుపు తట్టారు.

లోయిస్ లేచి తీసింది. గుమ్మంలో నడివయసు ఆవిడ, ఎండలో నడిచొచ్చిన మొహం, చెప్పులు చేత్తో పట్టుకుని ఉంది. ఆవిణ్ణి గుర్తుపట్టడానికి లోయిస్‌కి కొంచెంసేపు పట్టింది. హుల్డా రూడ్ చర్చిలో ఎప్పుడూ వెనక బెంచీలో, తల వంచుకుని కూర్చుంటుంది.

"బురదగా ఉన్నాయమ్మా," అంది చెప్పులు చూపించి. "ఇక్కడ పెట్టనా?"

జేబెజ్ గొంతు సవరించుకున్నాడు. "ఏం పనిమీద వచ్చారు?"

"రమ్మన్నారండి, వచ్చాను."

"ఎవరు రమ్మన్నారు?"

"నేను," అంది కెటూరా, తలెత్తకుండానే. "కుర్చీ లాగవే లోయిస్. ఆవిడ నాలుగు మైళ్ళు నడిచొచ్చింది."

లోయిస్ తల్లివంక చూసింది. పెళ్ళయి ఇరవై రెండేళ్ళలో నాన్న మాటకి అమ్మ ఎదురుచెప్పగా చూసినవాళ్ళు లేరు. ఇప్పుడూ చెప్పలేదు. ఆపిల్ తొక్క తీస్తోంది, అంతే.

"అమోస్ ట్రిప్ పొలానికీ మా పొలానికీ మధ్య రాతి గోడ ఒక్కటే అడ్డమండి," అంది హుల్డా కుర్చీ అంచున కూర్చుని. "అది నా నడుమెత్తు కూడా ఉండదు. చూద్దామనుకోకపోయినా కనిపిస్తుంది. ఈవిడ వేళ్ళు గొడ్లచావిడి తలుపు సందులో పెట్టి తలుపు మూసిన రోజు నేను గోడకి ఇటుపక్క బఠాణీలు కోస్తున్నాను. ఆ సంగతి రాసివ్వాలన్నారు మీ ఆవిడ. ఇస్తానండి."

జెరూషా తన ఎడమచేతిని ఒళ్ళో పరుచుకున్న గుడ్డ కింద దాచుకుంది.

"నాతో తలుపు గాలికి పడిందన్నావు," అన్నాడు జేబెజ్ చెల్లెలితో.

"పెళ్ళయిన మొదటేడు అన్నాను. ఆ తర్వాత నువ్వడగలేదు."

బయట కోడి ఒకటి గుమ్మందాకా వచ్చి, లోపలికి చూసి, వెనక్కి పోయింది.

"లోయిస్," అన్నాడు జేబెజ్ చివరికి. "కాగితం తీసుకో. ఆవిడ చెప్పింది రాయి."

"అమ్మాయిగారు వద్దండి," అంది హుల్డా.

"ఏం?"

"మీరు రాయండి స్క్వైర్ గారూ."

"నేను అన్నని. నా చేతిరాత..."

"చేతిరాత ఎవరిదైనా చెల్లుతుందంటండి. కింద వేలిముద్ర నాది, పక్కన సాక్షి సంతకం అమీనాది. కనుక్కునే వచ్చాను." ఆవిడ గొంతులో కోపం లేదు. ఎవరికో దారి చెబుతున్నట్టు ఉంది. "నా అర్జీ రోజున నేను సభ మెట్లమీద కూర్చున్నాను. మిమ్మల్ని చూశాను, మీ మాట విన్నాను. నా మాట మాత్రం మీరు వినలేదు. కాగితంమీద చదివారంతే. ఈసారి వింటూ రాయండి."

జేబెజ్ బల్లముందు కూర్చున్నాడు. పత్రికని పక్కకి జరిపాడు. కలం ముంచాడు.

ఆవిడ చెప్పింది. ఎక్కువేం చెప్పలేదు. ఏ నెల, ఏ పూట, ఏ తలుపు. ఎంతసేపు మూసి పట్టుకున్నాడు. ఆ తర్వాత జెరూషా పాల బిందె కుడిచేత్తో ఎలా ఎత్తుకుంది. చలికాలంలో ఒక రాత్రి గడియ పెట్టి బయట నిలబెడితే, హుల్డా తన దుప్పటి గోడమీంచి ఎలా విసిరింది. "రెండో దుప్పటి లేదండి మాకు. అది కూడా రాయండి. గొప్పకి కాదు, నిజం కాబట్టి."

జేబెజ్ రాశాడు. మధ్యలో ఒకసారి కలం ఆగింది. "మరి మీ ఇంట్లో... ఇప్పుడు?"

హుల్డా చిన్నగా నవ్వింది. "మీరన్నట్టే చిల్లు పూడ్చుకుంటూ ఉన్నానండి. వాన బయట కురిస్తే పూడ్చుకోవచ్చు స్క్వైర్ గారూ. మా కప్పు కింద లోపలే కురుస్తుంది."

ఆ మాట ఆయన రాసుకోలేదు. కానీ తండ్రి చెయ్యి ఆ తర్వాత పంక్తి మొదలుపెట్టడానికి ఎంతసేపు తీసుకుందో లోయిస్ చూసింది. నాలుగేళ్ళ కిందట తను ఎంత గుండ్రంగా, ఎంత మురిసిపోతూ ఆ ప్రసంగం రాసిందో గుర్తొచ్చి, సూది వేలికి గుచ్చుకుంది.

అమీనా టైటస్ వచ్చేసరికి ఎండ గాదె కప్పు దిగి కంచె మీదికి వచ్చింది. లావుపాటి మనిషి. గుర్రం దిగడమంటే ఆయనకీ కష్టమే, గుర్రానికీ కష్టమే.

"కెటూరా వదినగారు కబురంపారు, అయిదింటికల్లా రమ్మని," అన్నాడు లోపలికొచ్చి. వాక్యం పూర్తిచేసేలోపే హుల్డాని చూశాడు, బల్లమీది కాగితాలు చూశాడు. టోపీ తీశాడు. "ఓహో."

కెటూరా ఆయన చేతిలో ఆపిల్ సైడర్ లోటా పెట్టింది. హుల్డా వేలిముద్ర వేసింది. పక్కన టైటస్ సంతకం చేశాడు. లోయిస్ సొరుగులోంచి అర్జీ తీసి తండ్రి ముందు పరిచింది. ఖాళీ జాగా కనపడేలా.

"స్క్వైర్ గారూ," అన్నాడు టైటస్ లోటాలోకి చూస్తూ. "నా పనికాదనుకోండి. ఇది అమోస్ చేతిలో పెట్టానంటే రేపు ప్రార్థన మధ్య విరామంలో ఊరంతా పాకుతుంది. వాడి నోట్లో నువ్వుగింజ నానదు. ఎల్లుండి దాటితే మంగళవారం."

"తెలుసు."

"సోమవారం పొద్దున ఇస్తే..."

"గడువు దాటుతుంది."

"అదే నేనూ అనేది," అన్నాడు టైటస్. ఆయన గొంతులో ఆశ లాంటిదేదో ఉంది. మంచి మనిషే. వంతెన కావాలి ఆయనకి. తమ్ముడు ఆ తెప్పమీదే పోయాడు.

జేబెజ్ చెల్లెలి వంక చూశాడు. జెరూషా ఏమీ అడగలేదు. వారం రోజులుగా అడిగిన మనిషి, ఇప్పుడు ఆపిల్ ఒకటి అరచేతిలో పెట్టుకుని, వంగని వేళ్ళతో దాన్ని పడకుండా ఆపుతోంది.

ఆయన సంతకం చేశాడు.

సిరా ఆరడానికి ఇసుక చల్లి, ఊది, మడిచి టైటస్ చేతికిచ్చాడు. "వెలుతురుండగానే ఇవ్వు. ఇంట్లో లేకపోతే గుమ్మంలో పెట్టి పొరుగువాళ్ళని సాక్ష్యం పిలువు."

"పొరుగువాళ్ళు నాతోనే గుర్రమెక్కి వస్తారులెండి," అన్నాడు టైటస్. హుల్డా లేచింది. వెళ్ళేముందు జెరూషా భుజంమీద చెయ్యి వేసింది.

గుర్రం చప్పుడు దూరమయ్యాక జేబెజ్ కుర్చీలో వెనక్కి వాలాడు. పనిముట్లు దించేసిన మనిషిలా ఉన్నాడు. "అయిపోయింది," అన్నాడు ఎవరితోనూ కాకుండా. "పన్నెండు ఎన్నికలు గెలిచాను. చాల్లే."

"అన్నయ్యా," అంది జెరూషా. అప్పుడు ఏడ్చింది, వారంలో మొదటిసారి, చప్పుడు లేకుండా, ఆపిల్ వదలకుండానే.

"ఇంకొక్కటుంది," అంది కెటూరా.

భర్త తలెత్తాడు.

"మొన్న గురువారం బొంతలు కుట్టడానికి వెళ్ళినప్పుడు డీకన్ గారి భార్యతో చెప్పాను. జెరూషా అర్జీ మీరే పట్టుకెళ్తారని."

"గురువారమా?" జేబెజ్ లేచి నిలబడ్డాడు. "గురువారానికి నేను ఒప్పుకోనే లేదు కదా!"

"ఒప్పుకుంటారనుకున్నాను."

"ఒప్పుకోకపోతే?"

"అబద్ధమాడినదాన్నయ్యేదాన్ని," అంది కెటూరా. "మీరు నన్ను అబద్ధాలకోరుని చెయ్యరులే అనుకున్నాను."

ఆయనకి నవ్వాలో కోప్పడాలో తెలియలేదు. కోప్పడదామనే నోరు తెరిచాడు. "డీకన్‌కి తెలుసా అయితే? ప్రతిసారీ నా పేరు ప్రతిపాదించేది ఆయనేనే! ఇవాళ సాయంత్రం మామూలుగా వస్తాడు, నిలబడతానని నా మాట తీసుకోవడానికి."

"ఆయనకి తెలీదు. ఆవిడ చెప్పలేదు." కెటూరా కత్తి తుడిచి, రొట్టెల అరమీంచి మట్టిముంత దింపింది. "నిన్న పొద్దున ఆవిడ రొట్టెకి పులిసిన పిండి పంపింది. మూతగుడ్డ కింద ఇది పెట్టి. ఎవరు రాశారో పేరు లేదు. మీరు సంతకం చేసేదాకా మీకు చూపించకూడదనుకున్నాను."

పిండి అంటిన చిన్న మడత కాగితం. కెటూరా దాన్ని భర్తకివ్వలేదు. కూతురి చేతిలో పెట్టింది.

లోయిస్ విప్పింది. అక్షరాల చివర్లు పందిపిల్ల తోకల్లా మెలితిరిగి ఉన్నాయి. ఆ తోకలకోసమే బళ్ళో పంతులమ్మ ఆ పిల్లని నెలరోజులు పక్కన నిలబెట్టింది. ఆ పిల్లకి లోయిస్ తన పలక అరువిచ్చింది.

"స్క్వైర్ గారి జీనుసంచిలో ఇంకొక కాగితానికి చోటుంటుందా?" అని ఉంది. ఒక్క వాక్యమే.

"ఎవరిదే?" అన్నాడు జేబెజ్.

"రోక్సానాది నాన్నా."

జెరూషా కళ్ళు తుడుచుకోవడం ఆపింది. జేబెజ్ కూతురి చేతిలోంచి కాగితం తీసుకున్నాడు. చదివాడు. అంత చిన్న వాక్యాన్ని అంతసేపు చదవడం లోయిస్ ఎప్పుడూ చూడలేదు. ఆ పెళ్ళిలో ఎత్తిన గ్లాసు, చరిచిన బల్లలు ఆయనకీ గుర్తొచ్చాయని, మెడ మీద పాకిన ఎరుపు చూసి గ్రహించింది.

ముంగిట్లో గుర్రం సకిలించింది.

"స్క్వైర్ గారూ!" హాయైన పెద్ద గొంతు. "పొద్దు వాలకముందే వచ్చేశాను చూశారా!"

డీకన్ పీలెగ్ వాట్రస్. కెటూరా ముంతకి మూత పెట్టింది. జేబెజ్ కాగితాన్ని మడిచి చొక్కా చేతిమడతలో పెట్టుకుని తలుపు దగ్గరికి వెళ్ళాడు.

డీకన్ గుమ్మంలోనే నిలబడి జెరూషాని చూశాడు, బోర్లా పడ్డ పత్రికని చూశాడు. దయగా తలూపాడు. "నాకంతా అర్థమయింది. తోబుట్టువు కదా, నాలుగురోజులు ఉంచుకున్నారు, తప్పులేదు. సోమవారం అప్పగించేస్తే సరి. మంగళవారం మాత్రం మీరొక పని చెయ్యాలి. ఓటు చీటీలు టోపీలో వేసేముందు లేచి, ఆ ఇంటికప్పు మాట మళ్ళీ ఒక్కసారి చెప్పండి. మా అమ్మాయి పెళ్ళిలో చెప్పారే, అచ్చం అలాగే. ఇక ఎవరి నోరూ లేవదు."

పడమటి కొండ అంచున ఇంకా ఒక గీత వెలుతురు మిగిలి ఉంది.

జేబెజ్ హాలమ్, హుల్డా రూడ్ కూర్చున్న కుర్చీని బల్ల దగ్గరికి లాగి, చేత్తో ఒకసారి తుడిచాడు.

"కూర్చోండి డీకన్ గారూ," అన్నాడు. "మీ అమ్మాయిని మీరు చూసి ఎన్నాళ్ళయింది?"